సగం సోడా

ఆ పొద్దున కూడా సంతోషి సొరకాయ కూరలో ఉప్పు వేయబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎల్బీనగర్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో నెల రోజులుగా అందరికీ చప్పిడి కూరలే. ఊరగాయ జాడీ కూడా ఖాళీ చేసి పక్కన పెట్టేశారు. అయినా అత్త సైదమ్మకు బీపీ దిగలేదు. కాళ్ల వాపు తగ్గలేదు. తను చెప్పిన పథ్యం ఇంట్లో ఎవరో పాటించడం లేదని నిన్న డాక్టరు విసుక్కున్నాడు.

ఆ మాట సంతోషి భర్త తిరుపతి మనసులో ముల్లులా ఉండిపోయింది. నాలుగు ముద్దలు తిని, భార్య వైపు చూడకుండానే అన్నాడు.

“అమ్మ కూరల చాటుగ ఉప్పేస్తున్నవా? గిట్లయితే వనస్థలిపురంల అక్క ఇంట్ల దింపి వస్త. ఆమెనన్న పథ్యం పెడ్తది.”

సంతోషి చేతిలోని గరిటె కింద పెట్టింది. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో అన్నం వార్చడం నేర్పింది అత్తమ్మే. ఆమెను తన చేతి వంట వల్ల పంపేశారంటే ఇక నలుగురిలో తలెత్తుకునేదెలా? ఖాళీ కంచాలు తీసుకుని వెనక వసారాలోకి వెళ్లింది.

అక్కడ బుసబుసమని చప్పుడు. సైదమ్మ స్టీలు గ్లాసును చెవి దగ్గర పెట్టుకుని నిలబడి ఉంది. గ్లాసు నిండా నురగ. పక్కనే ఉన్న ఊరగాయ జాడీలో చింపిన గ్యాసు పొడి ప్యాకెట్లు కుక్కి ఉన్నాయి.

“ఇవేంది అత్తమ్మా?”

“కడుపుల గ్యాసుకు నీళ్లల్ల కలుపుకొని తాగే పొడి బిడ్డా. కిరాణ కొట్టుల చాక్లెట్ల పక్కకే అమ్ముతరు. గదేమన్న మందా?”

ఏమేం మందులు వాడుతున్నారని డాక్టరు అడిగిన ప్రతిసారీ బీపీ మాత్రల పేర్లే చెప్పారు. దీని ఊసు ఎవరికీ తట్టలేదు. సంతోషి పిలిచి చూపించాక తిరుపతి ఫోన్ చేస్తే, అందులో ఉండేదీ ఉప్పు లాంటిదేనని, వెంటనే ఆపమని డాక్టరు చెప్పాడు. తిరుపతి తల దించుకున్నాడు.

“నెల సంది దొంగలెక్క నిలబడ్డ,” అంది సంతోషి, కన్నీళ్లు తుడుచుకుంటూ. “కడుపు ఉబ్బుతున్నదని ఒక్క మాటంటే వాము నీళ్లు కాచి ఇయ్యకపోదునా?”

“కడుపుకేం కాలేదు బిడ్డా. గా చప్పుడింటే మీ మామ పక్కన ఉన్నట్టుంటది.”

నల్గొండ పల్లె నుంచి వచ్చిన కొత్తలో, కూలి డబ్బులు చేతికందిన సాయంత్రాల్లో మామ లచ్చయ్య సైదమ్మను దిల్‌సుఖ్‌నగర్ తీసుకెళ్లేవాడట. ఇద్దరికీ కలిపి ఒకటే గోలీసోడా. తను సగం తాగి, సీసా మూతిని భుజం మీది తువ్వాలతో తుడిచి ఆమెకిచ్చేవాడు. ఇద్దరూ గట్టిగా తేన్చి నవ్వుకునేవాళ్లు. ఆయన పోయాక ఆ నవ్వును ఈ గ్లాసులో వెతుక్కుంటోంది సైదమ్మ.

ఆ సాయంత్రం సంతోషి అత్తను ఆటో ఎక్కించింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాల కింద వెతికి వెతికి ఒక సోడాబండి పట్టుకుంది.

“ఒకటే కొట్టన్నా. నిమ్మకాయ పిండు, ఉప్పు మాత్రం అసలొద్దు.”

గోలీ టప్పున దిగింది. సైదమ్మ కళ్లు మూసుకుని సగం తాగింది. చీర కొంగుతో సీసా మూతిని మెల్లగా తుడిచి, మిగిలిన సగం కోడలి చేతికిచ్చింది.