అవతలి ఒడ్డు పుట్టుక

ఒఫేలియా తిహెరీనా మెట్లెక్కి వచ్చేసరికి ఆవిడ చేతులకి ఇంకా పిండి ఉంది. అమెరికాకి ఏటి ఇవతలి ఒడ్డున, సరిహద్దు మీదున్న పియెద్రాస్ నెగ్రాస్‌లో ఆవిడ బేకరీ తెలియనివాళ్ళు లేరు. కానీ పిండి చేతులతో ఆవిడ వీధిలోకి రావడం ఎవరూ చూడలేదు.

చెప్పుల కొట్టు మీది గదిలో ప్రైవేటు డిటెక్టివ్ లెయాంద్రో బెర్మెయా కాఫీ తాగుతున్నాడు. ఆయన సహాయకుడు తాచో కిటికీ దగ్గర నిలబడ్డాడు. తాచో ఒకప్పుడు టాక్సీ నడిపేవాడు. ఇప్పుడు బెర్మెయాకి బండి నడుపుతున్నాడు. బెర్మెయా బుర్ర మీద అతనికి దేవుడి మీదున్నంత నమ్మకం.

"కూర్చోండమ్మా," అన్నాడు బెర్మెయా.

"కూర్చునే తీరిక లేదండీ. ఎవరో నా మీద లేనిపోనిది చెప్పారు. ఎవరో కనిపెట్టాలి."

"ఏమని చెప్పారు?"

"నేను అమెరికా మనిషినని."

తాచోకి నవ్వొచ్చింది. "అది తిట్టా, పొగడ్తా అక్కా?"

"నా ఖాతాకి తాళం పడింది తాచో. నవ్వుకో."

తాచో నవ్వు ఆపేశాడు. ఆవిడ అప్పుడు కూర్చుంది. బేకరీ ఉన్న ఇల్లు అద్దెది. యజమాని అమ్మేస్తున్నాడు. ఒఫేలియా తను కూడబెట్టింది కొంత, బ్యాంకు అప్పు కొంత కలిపి కొనుక్కోవాలని చూస్తోంది. శుక్రవారం సంతకాలు. ఆ రోజు దాటితే ఇనుప సామాను వ్యాపారి రెగులోకి ఇల్లు పోతుంది. అతను పొయ్యి పగలగొట్టి గోదాం చేస్తాడు. ఆ పొయ్యి ఇటుక ఇటుకా పేర్చి కట్టింది చనిపోయిన ఆవిడ తండ్రి. కొన్నాళ్ళు తిప్పించుకుని, చివరికి అప్పు ఖాయమైపోయిందనుకున్న వారంలోనే బ్యాంకువాళ్ళు పిలిచి, మీరు ఏటి అవతల పుట్టారట, అప్పు లేదు, ఖాతా కూడా మూసేస్తున్నాం అన్నారు.

"మీరెక్కడ పుట్టారు?"

"ఇక్కడే. మా అమ్మ ఇప్పుడుంటున్న ఇంట్లోనే. మార్చిలో పుట్టానని ఊరి రిజిస్టర్‌లో ఉంది. అవతలికి బజారుకి వెళ్ళడానికి నేనూ అందరిలా వీసా చూపిస్తాను."

"ఎవరి మీద అనుమానం?"

"రెగులో. బ్యాంకు మేనేజర్ ఉగాల్దె అతని దగ్గర లంచం తిని ఉంటాడు. లేకపోతే..." ఆవిడ ఆగింది. "మా తమ్ముడు ఫెర్మీన్. నేను ఇల్లు కొనడం వాడికి ఇష్టం లేదు. ఆ డబ్బుతో వాడికి ఇంకో ట్రక్కు కొనివ్వాలంటాడు."

"మీ అమ్మగారికి తెలుసా?"

"చెప్పలేదు. గుండె బాగోదు. ఆవిడ దగ్గర ఈ మాట ఎత్తకండి."

మేనేజర్ ఉగాల్దె సన్నటి మనిషి. చెమట లేకపోయినా నుదురు తుడుచుకుంటూ ఉంటాడు. వచ్చినవాళ్ళకి బల్ల మీదున్న డబ్బా తెరిచి చూపించాడు. లోపల గుమ్మడికాయ ఎంపనాదాలు. కజ్జికాయల్లా మడిచి కాల్చినవి. తాచో రెండు తిన్నాడు. బెర్మెయా సగం కొరికి పక్కన పెట్టి, "సోంపు దండిగా పడింది," అన్నాడు.

"ఎవరు చెప్పారో నేను చెప్పకూడదండీ," అన్నాడు ఉగాల్దె. "కానీ నేను లంచం తిన్నానని ఊరంతా అంటున్నారు. అది మాత్రం అబద్ధం."

"అవతల పుడితే మాత్రం ఏమిటండీ నేరం?" అన్నాడు తాచో. "ఆవిడ రొట్టెలు ఇక్కడే కాలుస్తోంది, పన్ను ఇక్కడే కడుతోంది."

"నేరం కాదు నాయనా. వేరే దేశాలు తమ గడ్డ మీద ఉన్నవాడి దగ్గర పన్ను అడుగుతాయి. అమెరికా తన మనిషి ఎక్కడున్నా అడుగుతుంది. అక్కడ పుడితే వాళ్ళ మనిషే. పసిగుడ్డుగా వచ్చేసినా అంతే. ఏటా సంపాదన లెక్క అక్కడికి పంపాలి. అలాంటివాళ్ళ ఖాతాల సంగతి మా బ్యాంకు కూడా అక్కడికి చెప్పాలి. చెప్పకపోతే అమెరికా నుంచి మాకు రావలసిన డబ్బులో కోత పెడతారు. ఒక రొట్టెల ఆవిడ కోసం ఆ తలనొప్పి ఎందుకని పెద్దాఫీసువాళ్ళు ఖాతాలే మూసేస్తున్నారు."

"ఎవరో అన్న మాట పట్టుకునే మూసేస్తారా?" అన్నాడు బెర్మెయా.

"తెలిశాక తెలియనట్టు ఉండకూడదండీ. అదే రూలు. అయినా గాలి మాట కాదది. జనవరి పంతొమ్మిదిన పుట్టింది. ఆ పూట వంతెన మీద నీళ్ళు గడ్డకట్టి కాళ్ళు జారుతున్నాయట. ఇంత వివరంగా చెప్పాక..." ఆయన నాలిక కరుచుకుని నుదురు తుడుచుకున్నాడు.

బెర్మెయా లేచి టోపీ పెట్టుకున్నాడు. "ఎంపనాదాలు బాగున్నాయి," అన్నాడు.

రెగులో తన కొట్టులో మేకులు తూస్తున్నాడు. "నేనే చెప్పి ఉంటే గొప్పగా ఒప్పుకునేవాణ్ణి," అన్నాడు. "కానీ ఆ ఉపాయం నాకు తట్టలేదే. ఆవిడ పుట్టిన రోజు నాకెందుకు తెలుస్తుంది? మా ఆవిడ పుట్టిన రోజే గుర్తుండక ఏటా తిట్లు తింటాను."

ఫెర్మీన్ ట్రక్కు కింద పడుకుని ఉన్నాడు. బయటికి రాకుండానే మాట్లాడాడు. "అక్క నా మీద డిటెక్టివ్‌ని పెట్టిందా? బాగుంది. రొట్టెలమ్మి నన్ను పెంచానంటుంది, ఇప్పుడు దొంగని కూడా చేసింది."

"మీ అక్క పుట్టినరోజు ఎప్పుడు చేస్తారయ్యా?"

"జనవరిలో. కాగితాల్లో మార్చి. మా నాన్న తీరిక దొరికాక రాయించాడట. ఈ ఊళ్ళో ఎవరి కాగితం సరిగ్గా ఉంది?"

"పుట్టిన రోజు వాతావరణం ఎలా ఉందో?"

ట్రక్కు కింద నించి తల బయటికి వచ్చింది. "నేను ఆవిడ తర్వాత పుట్టానండీ. వాతావరణం నన్నడుగుతారేంటి?"

బండిలో తాచో అన్నాడు, "వీడే సార్. జనవరి అని వీడికి తెలుసు."

"జనవరి తెలుసు. మంచు తెలియదు," అన్నాడు బెర్మెయా. "పెద్దావిడ దగ్గరికి పద."

ఒఫేలియా తల్లి దోన్య ఎదువీహెస్ వంటగదిలో ఎంపనాదాల అంచులు నొక్కుతోంది. వయసు బాగా మీద పడింది గానీ వేళ్ళు ఆగడం లేదు. "బేకరీలో ఉన్నవి చేతకాక చేసినవి. ఇవి తినండి," అంది. బెర్మెయా తిన్నాడు. బ్యాంకు ఊసు ఎత్తలేదు. ముసలివాళ్ళ పింఛను సరిగ్గా అందుతోందా అని మాత్రం అడిగాడు.

"ఎందుకు అందదు నాయనా. బ్యాంకాయన స్వయంగా కుర్చీ వేస్తాడు. మంచివాడు, పాపం బక్కవాడు. తినిపించేవాళ్ళు లేరనుకుంటా."

బయటికి వచ్చాక బెర్మెయా చాలాసేపు బండి ఎక్కలేదు. తర్వాత వంతెన దాటించి అవతలి ఊరు ఈగిల్ పాస్‌లో ఒక లాయరమ్మ దగ్గరికి తీసుకెళ్ళమన్నాడు. ఆవిడ అంతా విని పెన్ను కింద పెట్టింది. ముందు ఒఫేలియా అక్కడి పన్ను లెక్కల నంబరు తీసుకోవాలి. ఇన్నేళ్ళ లెక్కలు రాసి పంపాలి. పౌరసత్వం వద్దనుకున్నా ముందు ఆ లెక్కలు తేలాలి, దానికి రుసుము కట్టాలి. ఏది చేసినా నెలలు పడుతుంది, రాసిపెట్టేవాళ్ళ ఫీజులకే బేకరీ చాలదు. "శుక్రవారం లోపలా?" అని, నవ్వబోయి మానుకుంది.

"ఒఫేలియా గారికి ఒక్కరికే చెబుదాం సార్," అన్నాడు తాచో తిరిగొస్తూ.

"ఊరంతా రెగులోనీ, ఉగాల్దెనీ, ఫెర్మీన్‌నీ దొంగలంటోంది. తప్పు చెయ్యనివాళ్ళ ఎదుటే నిజం చెప్పాలి. నా పద్ధతి నీకు తెలుసు కదా."

తాచోకి తెలుసు. బెర్మెయా అందరినీ కూర్చోబెట్టి ముడి విప్పే ఘట్టమంటే తాచోకి ప్రాణం.

శుక్రవారం మధ్యాహ్నం బేకరీ వెనక గదిలో అందరూ కూర్చున్నారు. పొయ్యి వెలిగించలేదు. రెగులో కుర్చీ తలుపు దగ్గరికి లాక్కున్నాడు. ఉగాల్దె టోపీ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏదో పండగనుకుని దోన్య ఎదువీహెస్ నల్ల శాలువా కప్పుకుని వచ్చింది.

ఒఫేలియా బెర్మెయాని పక్కకి పిలిచి, "అమ్మని ఎందుకు తెచ్చారు? నాకు చెబితే చాలు కదా," అంది.

"కూర్చోండమ్మా," అన్నాడాయన, తర్వాత అందరి వైపూ తిరిగాడు.

"ముందు ఒక సంగతి. బ్యాంకుకి ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒఫేలియా గారు అవతలే పుట్టారు. అప్పట్లో చేతనైనవాళ్ళు కాన్పుకి వంతెన దాటేవాళ్ళు. బిడ్డతో తిరిగొచ్చి, ఇక్కడి బడిలో ఇబ్బంది రాకుండా ఇక్కడే పుట్టినట్టు మళ్ళీ రాయించేవాళ్ళు. ఈవిడ నాన్నగారు మార్చిలో రాయించారు. రెండు పుట్టుకలు బయటపడితే ఏం గొడవో అని నోరు మూసుకున్నారు."

ఒఫేలియా తల్లి వైపు చూసింది. ముసలావిడ శాలువా సర్దుకుంది.

"చెప్పినవాళ్ళు జనవరి తారీఖు చెప్పారు. కాగితాల్లో ఉన్నది మార్చి. కాబట్టి రెగులో కాదు, బ్యాంకు కల్పించిందీ కాదు. ఇంటి మనిషి. జనవరి ఫెర్మీన్‌కీ తెలుసు. కానీ వంతెన మీద గడ్డకట్టిన నీళ్ళు ఆ పూట నడిచినవాళ్ళకే తెలుస్తాయి. ఉగాల్దె గారి బల్ల మీద ఎంపనాదాలున్నాయి, సోంపు దండిగా వేసినవి. అలాంటివి ఈ ఊళ్ళో నేను ఇంకొక్క వంటింట్లోనే తిన్నాను." ఆయన గొంతు తగ్గించాడు. "పెద్దమ్మా, బ్యాంకాయనతో ఏం చెప్పారు?"

దోన్య ఎదువీహెస్ కాసేపు అందరి మొహాలూ చూసింది.

"మంచే చెప్పాను నాయనా. అప్పు ఇవ్వడానికి రేపు మాపంటూ తిప్పుతున్నాడని అమ్మాయి ఏడుస్తోంది. మా అమ్మాయి ఆషామాషీ మనిషి కాదయ్యా, అవతలి గడ్డ మీద పుట్టింది, అమెరికా వాళ్ళ లెక్కలో మనిషి అని చెప్పాను. అప్పుడైనా మర్యాదగా ఇస్తాడని." ఆవిడ ఉగాల్దె వైపు తిరిగింది. "ఇస్తానన్నట్టే తలూపావు కదయ్యా."

ఉగాల్దె తల దించుకున్నాడు.

"అందుకే అప్పు పోయిందమ్మా," అంది ఒఫేలియా. "ఖాతా కూడా పోయింది."

"అందుకా?" ముసలావిడ చేతులు ఒళ్ళో పడిపోయాయి. "నిండు కడుపు కోటు కింద దాచి ఆ వంతెన దాటాను. మీ నాన్న కోడెదూడని అమ్మి ఆస్పత్రికి కట్టాడు. నీకు ఇవ్వడానికి నా దగ్గర అదొక్కటే ఉంది. మంచి సమయంలో ఇద్దామని ఇన్నాళ్ళు దాచాను."

రెగులో లేచి, "నేను పొయ్యి పగలగొట్టడానికి తొందరేం పడనులే ఒఫేలియా," అని, ఇంకేమనాలో తెలియక వెళ్ళిపోయాడు. అతనికి యజమాని దగ్గర సంతకాల పని ఉంది.

"ఆ పుట్టుక వద్దని రాసిస్తే పోదా?" అని ఒఫేలియా అడిగింది. బెర్మెయా లాయరమ్మ చెప్పింది చెప్పాడు. ఆవిడ విని, ఆరిన పొయ్యి మూత వేసింది.

ఫెర్మీన్ గోడకి ఆనుకుని నవ్వాడు. నవ్వులో చేదుంది. "దొంగన్న పేరు నా మీద నించి పోయిందిలే, అంతే చాలు. ఎప్పుడూ అక్కకే పెద్ద ముక్క. అవతలి గడ్డ కూడా అక్కకే. నన్ను మాత్రం ఈ దుమ్ములో పడేశావు కదమ్మా."

ముసలావిడకి ఆ మాట తగిలింది. "ఎవరన్నార్రా? నేను తేడా చూపించే తల్లినా? నిన్నూ అక్కడే కన్నాను. అదే వంతెన, అదే కోటు. రెండోసారి భయం కూడా వెయ్యలేదు."

"అమ్మా," అంది ఒఫేలియా. "ఇంక చాలు."

కానీ మాట వచ్చేసింది. ఫెర్మీన్ గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. అతని ట్రక్కు అప్పు, రోజూ సరుకు మోసి వేసే డబ్బూ అన్నీ ఆ బ్యాంకులోనే. తాచో బెర్మెయా వైపు చూశాడు. ఇలాంటప్పుడు ఆయన దగ్గర ఎప్పుడూ ఒక మాట ఉంటుంది. ఈసారి బెర్మెయా నేల వైపు చూస్తున్నాడు. ఉగాల్దెని ఈ గదికి పిలిచింది ఆయనే.

"మేనేజర్ గారూ," అన్నాడు ఫెర్మీన్. గొంతు మెత్తబడింది. "ముసలిది, మతి స్థిమితం లేదు. మీరేం వినలేదు కదా."

ఉగాల్దె టోపీని చేతుల్లో తిప్పాడు. పెట్టుకోలేదు. తలుపు దాకా వెళ్ళి అక్కడ ఆగాడు.

"విన్నాను ఫెర్మీన్," అన్నాడు.