అదనపు ఏడుగురు

ఆ రోజుల్లో కళాశాలలకు పాఠాలతో పని లేదు. పాఠాలు చెప్పడం యంత్రాల వంతయి చాలా కాలమైంది. పిల్లలు మంచం దిగకుండానే భౌతికశాస్త్రం నేర్చేసుకుంటున్నారు. అయినా గోడలూ, గేటూ, గేటు మీద పెద్ద అక్షరాల పేరూ ఎందుకు మిగిలాయంటే ఆటల కోసం. ఏ కళాశాల జట్టు గెలిస్తే జనం ఆ కళాశాల మీదికి ఎగబడేవారు. ఓడిన కళాశాలను కుక్క కూడా పలకరించేది కాదు.

2074 వేసవిలో ఓరుగల్లులోని పాకాల మహిళా కళాశాలను సరిగ్గా ఎవరూ పలకరించడం లేదు. దాని బాస్కెట్‌బాల్ జట్టు మొదటి శ్రేణి నుంచి మూడో శ్రేణికి జారిపడింది. మూడేళ్ళలో మళ్ళీ మొదటి శ్రేణి ఎక్కకపోతే కోర్టు పీకేసి, అక్కడ కంప్యూటర్ల శీతలగిడ్డంగి కడతామని యాజమాన్యం తేల్చి చెప్పింది.

ఆ జట్టును లేవదీయడానికి వచ్చిన కోచ్ కొలిపాక హన్విక. వయసు యాభై దాటింది. ఒకప్పుడు అదే కోర్టులో కెప్టెన్. కోర్టు పోతే తన బతుకులో చెప్పుకోదగ్గ ముక్క ఏదో అదే పోతుందని ఆమెకు తెలుసు. అందుకే సగం జీతానికి ఒప్పుకుని వచ్చింది. ఆమె నోరు మాత్రం సగం కాలేదు. ఆమె అరుపుకు నేలలోని పాదసూచికలు, అంటే అడుగుల బరువు కొలిచే సెన్సర్లు, భూకంపం వచ్చిందనుకుని ఆగిపోయాయని హాస్టల్లో చెప్పుకునేవారు. అది నిజం కాదు గానీ నమ్మని వాళ్ళు లేరు.

జట్టులో మొత్తం పదిహేను స్థానాలు. పాత కోచ్ తెలివితక్కువగా ఒకే ఏడాది పదకొండు మందిని చేర్చుకున్నాడు. పదకొండు మందీ కలిసి పెరిగారు, కలిసి చదువు ముగించారు, ఒకే రోజు సంచులు సర్దుకుని వెళ్ళిపోయారు. మిగిలింది నలుగురు, వాళ్ళూ చివరి ఏడాది వాళ్ళే. జట్టు కూలింది అక్కడే. హన్విక లెక్క వేరు. ఏటా నలుగురిని చేర్చుకోవాలి. మెట్లలాగా ఒక వరస మీద ఒక వరస నిలబడాలి. పెద్దవాళ్ళు పోతుంటే చిన్నవాళ్ళు అందుకోవాలి. కొన్నాళ్ళు ఓడినా సరే, కట్టడం గట్టిగా ఉండాలి.

ఆ లెక్కను కూర్పరి ఒక్క అంకెతో కొట్టిపారేసింది.

కూర్పరి అంటే జట్లు కూర్చే యంత్రం. ఎంపికకు వచ్చిన ప్రతి అమ్మాయికీ అది ఒక ఛాయాప్రతిని, అంటే డిజిటల్ ట్విన్‌ను తయారుచేస్తుంది. ఆమె ఆడిన ఆటల దృశ్యాలు, నడక, నిద్ర, మాటతీరు, అలిగితే ఎన్నాళ్ళు మాట్లాడదు, ఇలాంటివన్నీ ఆ ఛాయలో ఉంటాయి. ఆ ఛాయలన్నిటినీ ఒక ఉత్తుత్తి హాస్టల్లో, ఉత్తుత్తి కోర్టులో వదిలి నాలుగేళ్ళు బతకనిస్తుంది. మనకు ఒక మధ్యాహ్నం గడిచేసరికి అక్కడ నాలుగేళ్ళు వేలసార్లు గడిచిపోతాయి. అప్పుడు కూర్పరి ఒక అంకె చెబుతుంది. ఈ ఏడు ఇంతమందిని చేర్చుకోండి అని. అంతకుమించి ఒక్క ముక్క చెప్పదు.

"పదకొండా?" అంది హన్విక. "పదకొండు మందిని ఒక్కపారి తీస్కొనే గదా ఈ జట్టు మునిగింది? నీ మిషన్‌కు బుద్ధి ఉన్నదా?"

ఎదురుగా కూర్చున్నది డాక్టర్ వేమూరి సాత్విక్, కూర్పరిని కనిపెట్టినవాడు. తెనాలి మనిషి. మెత్తగా మాట్లాడతాడు, మెత్తగానే గుచ్చుతాడు.

"మునగడానికి కారణం అంకె కాదండి, ఆ కోచ్ గారు. ఈసారి పదకొండు మందిలో అందరూ చివరిదాకా ఉండరు. కాబట్టి అందరూ ఒకేసారి వెళ్ళే ప్రమాదం లేదండి."

"ఎందుకుండరు?"

"అది చెప్పడం మా పద్ధతి కాదండి."

"నీ పద్ధతి ఎవనిగ్గావాలె? పైసలిచ్చింది మా కాలేజీ. ఎందుకుండరో చెప్పు."

"కారణం మీకు నచ్చదు మేడం."

"నువ్వు కూడ నచ్చలే. గానీ కూసోబెట్టుకోని మాట్లాడుతలేనా?"

సాత్విక్ ముఖం మాడ్చుకున్నాడు. మూడు నెలలుగా ఈవిడ తన యంత్రాన్ని డబ్బా అంటోంది, తనను డబ్బావాడు అంటోంది. పెద్దమనిషి కదా అని ఓర్చుకున్నాడు. ఇక ఓర్చుకోవాల్సిన అవసరం కనిపించలేదు. చెబితే ఆవిడ ముఖం ఎలా ఉంటుందో చూడాలనిపించింది కూడా. కూర్పరి గొంతు విప్పే మీట నొక్కి, "మీరే అడగండి" అన్నాడు.

"ఎందుకు పదకొండు?" హన్విక అడిగింది.

"మీ జట్టుకు చివరికి నలుగురు కావాలి," అంది కూర్పరి. దాని గొంతు వార్తలు చదివేవాళ్ళ గొంతులా ఉంటుంది. "పదకొండు మంది చేరితే మొదటి ఏడాదే ఏడుగురు వెళ్ళిపోతారు. నలుగురు నిలుస్తారు."

"ఎక్కడికి పోతరు? ఇంకో కాలేజీ గుంజుకుంటదా?"

"లేదు. ఛాయల్లో మీ ఛాయ కూడా ఉంది. పాత కోర్టు దృశ్యాల నుంచి దాన్ని తయారుచేశాం. వెళ్ళినవాళ్ళందరూ మీ ఛాయ వల్లే వెళ్ళారు."

సాత్విక్ ఎదురుచూసిన ముఖం రానే వచ్చింది, కానీ అతను అనుకున్నంత సంతోషం కలగలేదు. హన్విక చెంపలు ఎర్రబడ్డాయి. ఇన్నేళ్ళలో తన దగ్గర ఆట మానేసిన పిల్లల పేర్లు కొన్ని ఆమెకు గుర్తొచ్చాయి. వాళ్ళు బలం చాలక మానేశారనే ఇన్నాళ్ళూ అనుకుంది. ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గు ఎంతోసేపు నిలవలేదు.

"మరి నిలిచే నలుగురు?" అంది.

"బాగా ఆడతారు. మూడో ఏడాదికి మొదటి శ్రేణి."

"అట్లయితే ఇంక నొప్పి ఏంది? పదకొండు మందిని పిలువుండ్రి."

సాత్విక్ తెల్లబోయాడు. "మేడం, ఇంకో దారి కూడా ఉందండి. మీరు కొంచెం తగ్గితే..."

"నన్ను తగ్గించుమని కాలేజీ పిలిపించలే. జట్టును పెంచుమని పిలిచింది."

అలా పదకొండు మంది వచ్చారు. తండాల నుంచి ఇద్దరు, సింగరేణి ఊళ్ళ నుంచి ముగ్గురు, మిగతావాళ్ళు పట్నాల నుంచి. అందరికంటే పొడుగైనది బానోతు ధరణి. మహబూబాబాద్ దగ్గరి తండా పిల్ల. బంతి ఆమె చేతికి వస్తే ఇక ఆమె ఇష్టం, ఇంకెవరూ ముట్టుకోలేరు.

పొద్దు పొడవకముందే సాధన. పగలు ఎండకు కోర్టు తలుపు పిడి కూడా పట్టుకోలేరు. మొదటి వారం హన్విక నోరు కాస్త అదుపులోనే ఉంది. రెండో వారం మంచిర్యాల పిల్ల ఒకతి వరసగా బంతి జారవిడిచింది. అలాంటి పిల్ల మీద అరిచే ముందు ఇదివరకైతే హన్వికకు లోపల ఎక్కడో చిన్న జంకు ఉండేది. ఈ పిల్ల పోతే ఎట్లా అన్న జంకు. ఆ రోజు చూసుకుంటే అది లేదు. పోతే పోయింది, పోవాల్సినవాళ్ళు ఏడుగురు ఎలాగూ ఉన్నారు. ఆ తేలికదనం ఆమెకు ఎంత హాయిగా అనిపించిందంటే, పిల్ల ఏడుస్తున్నా ఆపలేదు.

ఆ పిల్ల మరునాడు వెళ్ళిపోయింది. హన్విక మనసులో 'ఒకటి' అని లెక్కపెట్టుకుంది.

తర్వాత అంతా అదే తీరు. ఒకతెను ఇంటిపేరు పట్టుకుని ఎత్తిపొడిచింది. ఒకతెను జ్వరంతో పరిగెత్తించింది. ఒకసారి ఒళ్ళు మండి, కోర్టు మధ్యలో నిలబడి అందరి ముందూ కక్కేసింది.

"మీలకెల్లి ఏడుగురు పోతరు! మిషన్ ఎప్పుడో చెప్పింది. నలుగురే ఉంటరు. ఆ నలుగురు ఎవరో మీరే తేల్చుకోండ్రి!"

ఆ మాట అన్నాక పని ఆమెకు తగ్గింది, పిల్లలే అందుకున్నారు. ఎవరి బూట్లు ఎవరో నీళ్ళలో వేసేవారు. ఆటలో మోచేతులు పక్కటెముకల్లో దిగేవి. భోజనాల గదిలో ఎవరి బల్ల వాళ్ళది. ఒక పిల్ల వెళ్ళిపోతుంటే మిగిలినవాళ్ళు గేటుదాకా కూడా రాలేదు. కిటికీల్లోంచి చూసి, తమ వంతు కాదని ఊపిరి పీల్చుకున్నారు. ధరణి కూడా అలాగే చూసింది. ఆ వెళ్ళిన పిల్ల ఆమె గదిలోనే ఉండేది.

దసరా సెలవులు అయ్యేసరికి ఏడో అమ్మాయి కూడా పోయింది.

ఆ మరునాటి సాధనలో హన్విక ధరణి మీద విరుచుకుపడింది. కారణం పెద్దదేమీ కాదు, కాలు ఒక అడుగు పక్కన పడింది.

"దున్నపోతుకున్నంత ఒళ్ళుంటే సరిపోదే, బుర్ర గూడ ఉండాలె!"

ధరణి బంతిని నేల మీద పెట్టింది. కోర్టు మధ్యలో మఠం వేసుకుని కూర్చుంది. ఆమె పక్కన మిగతా ముగ్గురూ వచ్చి కూర్చున్నారు. చివరి ఏడాది నలుగురూ గోడకు ఆనుకుని తమాషా చూస్తున్నారు.

"లెవ్వు," అంది హన్విక.

"లెవ్వం కోచ్."

"ఏమన్నవ్?"

"ఏడుగురు అయిపోయిండ్రు," అంది ధరణి. ఆ గొంతులో కోపం కూడా లేదు. "ఇగ పోయేటోళ్ళు లేరు. వచ్చే ఏడు గా అక్కలు గూడ ఉండరు, మేమే ఉంటం. మా నలుగుర్ల ఒక్కరు పోయినా మీ జట్టు లేదు, మీ కోర్టు లేదు. మీరు అరిస్తే మేం ఇట్లనే కూసుంటం."

హన్విక చెయ్యి ఎత్తబోయి దింపింది. ధరణి ముఖంలోకి చూసింది. ఇంతకాలం తను గట్టిదాన్ని, ముక్కుసూటిదాన్ని అని చెప్పుకుంటూ వచ్చింది. ఆ గట్టితనమంతా చేతిలో మిగులు పిల్లలు ఉన్నన్నాళ్ళే అని ఆ క్షణాన ఆమెకు అర్థమైంది. ఒకరు పోతే ఇంకొకరు ఉన్నారన్న ధీమాతో అరిచింది. ఇప్పుడు ఆ ధీమా లేదు, గొంతులోంచి అరుపూ రావడం లేదు.

"లెవ్వుండ్రి బిడ్డా," అంది చివరికి. "జర... దయచేసి."

ఆ మాట ఆమె కోర్టులో ఎన్నడూ అనలేదు. నలుగురూ లేచారు. గోడ దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ తర్వాత జరిగింది ఎవరూ ఊహించలేదు. జట్టు గెలవడం మొదలుపెట్టింది. కోచ్ మెల్లగా చెబుతోంది, వాళ్ళు వింటున్నారు. తప్పు చేసినవాళ్ళు దాచుకోకుండా వచ్చి అడుగుతున్నారు. చేతులు వణక్కుండా బంతి వేస్తున్నారు. సంక్రాంతికి ముందే వరసగా గెలుపులు, వేసవి మొదట్లో రెండో శ్రేణి. ఊళ్ళో జనం గేటు దగ్గర ఫొటోలు దిగుతున్నారు. యాజమాన్యం హన్వికకు శాలువా కప్పింది. శాలువా కింద ఆమె పళ్ళు నూరుకుంటున్న సంగతి ఎవరికీ తెలియదు.

రోజూ పొద్దున ధరణికి "బిడ్డా" అని చెప్పాల్సి రావడం ఆమెకు గొంతులో ముల్లులా ఉండేది. గెలిచిన ప్రతిసారీ ధరణి ఆమె వైపు చూసి చిన్నగా తల ఊపేది. అది కృతజ్ఞతే కావచ్చు. హన్వికకు మాత్రం అనుమతిలా కనిపించేది.

వేసవిలో మళ్ళీ ఎంపికల కాలం వచ్చింది. సాత్విక్ ఈసారి నవ్వుతూ వచ్చాడు, పూతరేకులు కూడా తెచ్చాడు. పెద్ద నలుగురూ చదువు ముగించి వెళ్ళారు కాబట్టి మళ్ళీ పదకొండు స్థానాలు ఖాళీ. కూర్పరి మధ్యాహ్నమంతా నడిచి అంకె చెప్పింది.

"నలుగురు."

"చూశారా మేడం!" సాత్విక్ కుర్చీలోంచి లేచాడు. "మీరు మొదట చెప్పిన మెట్ల లెక్కే! నేనే పొరపాటు పడ్డానండి, ఒప్పుకుంటున్నాను."

హన్విక అతన్ని పట్టించుకోలేదు. "ఎందుకు నలుగురు?" అని యంత్రాన్ని అడిగింది.

"ఇప్పుడున్న కోచ్ దగ్గర నుంచి ఎవరూ వెళ్ళిపోరు. ఏటా నలుగురు చాలు. వచ్చే ఏడే మొదటి శ్రేణి."

"ఇప్పుడున్న కోచ్ ఎవరు?"

"మీరే."

"నేను గాదు," అంది హన్విక. "ఆమె ఎవరో నాకు తెల్వది. పొద్దున లేచి పోరీలకు దండం పెట్టే ముసల్ది. నేను పదకొండు మందిని తీస్కుంట."

సాత్విక్ బల్ల మీది పూతరేకుల డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. "గెలుస్తున్నారు కదండి!"

"వాళ్ళు గెలుస్తున్నరు. నేను గాదు."

"పదకొండు మందిని తీసుకుంటే," కూర్పరి తన వార్తల గొంతుతోనే చెప్పింది, "మీరు పాత పద్ధతికి వెళ్తారు. కొత్తవాళ్ళలో ఏడుగురు వెళ్ళిపోతారు. ఇప్పుడున్న నలుగురూ వెళ్ళిపోతారు. జట్టు మొదటి శ్రేణి చేరదు. కోర్టు పోతుంది."

"ఆ ధరణి పోతదా?"

"అందరికంటే ముందు."

హన్విక కిటికీలోంచి కోర్టు వైపు చూసింది. తను కెప్టెన్‌గా నిలబడ్డ చోట ఇప్పుడు ధరణి నిలబడి, మిగతా ముగ్గురికీ ఏదో నేర్పుతోంది. అరవడం లేదు. వాళ్ళు నవ్వుతున్నారు. ఆ కోర్టు మీద తనకు ఎంత ప్రేమో హన్వికకు తెలుసు. దాన్ని తను కాక ఇంకొకరు నిలబెట్టడం కన్నా ఎవరికీ లేకుండా పోవడమే నయమని అనిపించినందుకు ఆమెకే భయం వేసింది. ఆ భయంతోనే వేలు చాపి, కూర్పరి వేసిన నాలుగును చెరిపేసి పదకొండు వేసింది.

సాత్విక్ పూతరేకుల డబ్బా చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

కోర్టులోంచి ధరణి గొంతు వినిపించింది. "కోచ్! మొదలువెడుదమా?"

"వస్తున్న బిడ్డా," అంది హన్విక, ఎప్పటికంటే మెత్తగా.