పాట ఎత్తుకున్నదెవరు?

ఆర్డెల్ వైన్స్ మొదటి రికార్డు పాడటానికి వెళ్ళిన రోజున, ఆమెకూ పాటకూ మధ్య ఒక లిఫ్టు అడ్డుపడింది. కచ్చితంగా చెప్పాలంటే లిఫ్టులో నిలబడ్డ ఒక నిలువెత్తు బేస్ ఫిడేలు. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, కొత్త పెళ్ళికూతురి నడుం మీద చెయ్యి వేసినంత భద్రంగా దాన్ని పట్టుకుని నిలబడ్డ వెండెల్ టాలివర్.

షికాగోలో, పైవంతెన మీద రైళ్ళు కిటికీలను ఒరుసుకుంటూ పోయే వాబాష్ వీధిలో, ఒకప్పటి పియానోల గోదాము నాలుగో అంతస్తులో ఉండేది ఆ స్టూడియో. దాని లిఫ్టు బట్టల బీరువాకంటే రెండు జానలు పెద్దది.

"ఫిడేలో, మనిషో. రెండూ పట్టవమ్మాయ్," అన్నాడు లిఫ్టు నడిపే ముసలాయన హోరెస్.

"అయితే ఫిడేలును దించండి," అంది ఆర్డెల్. పందొమ్మిదేళ్ళ వయసు, కొత్త చెప్పులు, ముక్కుమీద కోపం. "పదింటికి నా రికార్డింగు."

"నాదీ పదింటికే," అన్నాడు వెండెల్. "మీరు మెట్లెక్కగలరు. ఇది ఎక్కలేదు పాపం."

"దీన్ని లిఫ్టులో పంపి మీరెక్కొచ్చుగా?"

"ఎక్కేవాణ్ణే. ఒంటరిగా పంపితే ఇది భయపడుతుంది."

తలుపు మూసుకుంది. ఆర్డెల్ నాలుగంతస్తులు ఎక్కింది. ఒక్కో అంతస్తుకూ ఒక్కో తిట్టు చొప్పున, చర్చిలో నేర్చుకున్న మంచి మాటలన్నీ తిరగేసి తిట్టుకుంటూ ఎక్కింది. పైకి చేరేసరికి కొలిమి తిత్తిలా ఎగపోస్తోంది. చెప్పులు కరుస్తున్నాయని విప్పి పక్కన పడేసింది.

అప్పుడే రైలు వెళ్ళింది. ఇంకో రైలు రావడానికి ఏడు నిమిషాలు. అది వచ్చి గోదాము అదిరేలోపు పాట అయిపోవాలి గనక, ఎవరి క్షేమసమాచారాలూ అడక్కుండానే ఎర్ర దీపం వెలిగించారు.

ఒకే మైకు, దాని చుట్టూ అందరూ. పియానో మొదలైంది, ఒక చుట్టు తిరిగింది. తనెక్కడ ఎత్తుకోవాలో ఆర్డెల్‌కి తెలియలేదు. చర్చిలో అయితే పాట పెద్దాయన చెయ్యి ఊపేవాడు. ఇక్కడ చెయ్యి ఊపే నాథుడే లేడు. భయంతో గుండెలనిండా ఊపిరి పీల్చింది.

సరిగ్గా అప్పుడే, ఎదురుగా ఆ లిఫ్టు దొంగ ఎడమ భుజం ఒక్క వేలెడు పైకి లేచింది. "ఊఁ, రా" అన్నట్టు.

ఆర్డెల్ పాడింది.

ఆ ఎండాకాలం ఊరి దక్షిణం వైపున ఆ పాట వినపడని మంగలి షాపు లేదు.

తర్వాత ఎనిమిదేళ్ళలో పదకొండు రికార్డులు వచ్చాయి. అట్టల మీద ఆమె బొమ్మ పెద్దదవుతూ, ఆమె టోపీ చిన్నదవుతూ వచ్చింది. ఆమె పాటలోకి వచ్చే తీరు కిటికీ తెర గాలికి కదిలినట్టుంటుందనీ, కదిలిందని తెలిసేసరికే గదంతా చల్లబడి ఉంటుందనీ ఒక పత్రికాయన రాశాడు. ఆ ఎత్తుగడ పట్టుకోవాలని కుర్ర గాయనులు రికార్డులు అరగదీశారు. రహస్యం ఏమిటని అడిగితే ఆర్డెల్, "అంతా దేవుడి దయ," అనేది. ఆ దేవుడికి ఒక ఎడమ భుజం ఉందనీ, దానిమీద స్వెట్టరు కుట్టు ఊడి ఒక గోధుమరంగు దారం వేలాడుతుంటుందనీ చెప్పలేదు.

పియానో వాళ్ళు మారారు. డ్రమ్ము వాళ్ళు మారారు. బేస్ మాత్రం మారలేదు. మార్చనివ్వలేదు. అలాగని ఆ మనిషితో రెండు ముక్కలు సౌమ్యంగా మాట్లాడిందా అంటే, అదీ లేదు.

"ఇవాళ కూడా మెట్లేనా, మిస్ వైన్స్?"

"మీరు ముందే వచ్చేశాక ఇంకేముంటాయి, మిస్టర్ టాలివర్?"

ఎనిమిదేళ్ళ సంభాషణ దాదాపు ఇంతే. తతిమ్మా పని కోడికాలు చేసేది. ఆర్డెల్‌కి తోడుగా వచ్చే పెర్ల్ పిన్ని అల్లికసంచీ, డబ్బానిండా వేయించిన కోడీ తెచ్చేది. చివర్లో ఆర్డెల్ ఒక కాలు కాగితంలో చుట్టి బేస్ పక్కన పెట్టేది.

"మిగిలిపోయింది," అనేది, ఎటో చూస్తూ.

"ఎనిమిదేళ్ళుగా మిగులుతూనే ఉంది," అనేది పిన్ని, సూదులమీంచి చూపు తిప్పకుండా. "నాకు లెక్కపెట్టి వండటం రాదనుకుంటారు జనం."

పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో స్టీరియో వచ్చింది. కంపెనీ తరఫున రికార్డులు తీసే కెస్లర్ గారు మూలన ఒక చెక్కగది కట్టించి, గోడలకు లోపల బొంతలు కొట్టించారు. ముందు చిన్న గాజు కిటికీ. అందులోంచి కనపడేది కెస్లర్ గారి బట్టతల ఒక్కటే.

"గొంతు ఒకవైపు, వాద్యాలు ఒకవైపు. ఇకమీదట జనం రెండు చెవులతో వింటారు!" అన్నాడాయన, ఆ చెవులు తనే పంచిపెడుతున్నట్టు.

"ఇన్నాళ్ళూ ఒక చెవి మూసుకుని విన్నారా?" అంది ఆర్డెల్.

సోమవారం గదిలో నిలబెట్టి, చెవులకు డిప్పలు తగిలించారు. అవతల వాద్యకారులకు ఆమె గొంతు చిన్న స్పీకరులోంచి పక్కింటి రేడియోలా వినపడుతుంది. పాట మొదలైంది. ఆర్డెల్ ఆలస్యంగా ఎత్తుకుంది. మళ్ళీ మొదలైంది. తొందరగా ఎత్తుకుంది. జీవితంలో ఎప్పుడూ తాళం తప్పనిది, ఆ రోజు పన్నెండుసార్లు తప్పింది.

మంగళవారం ఇంకా ఘోరం. డాక్టరు టార్చి వేసి గొంతులోకి చూసి, "నా గొంతుకంటే బాగుంది," అన్నాడు. నిమ్మరసం, తేనె, వేడి ఆవిరి, అన్నీ అయ్యాయి.

బొంతల గోడవైపు తిరిగి ఎన్నిసార్లు చూసినా, బొంతకు భుజం మొలవలేదు. సంగతేమిటో ఆర్డెల్‌కి తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. దేశమంతా మెచ్చిన గాయని వెళ్ళి, ఒక మనిషి స్వెట్టరు కనపడకపోతే నాకు పాట రాదని ఏ ముఖంతో చెప్పడం?

కెస్లర్ గారు సొంతంగా కారణం కనిపెట్టారు. "ఆ పళ్ళ డాక్టరు! ప్రతి సోమవారం వాళ్ళింటికి గులాబీలు పంపిస్తాడు. ప్రేమలో పడ్డ ఆడపిల్లకి తాళమేం తెలుస్తుంది?" అని డ్రమ్ము ఆయనతో అన్నారు. ఆయన పక్కనే బేస్ ఉంది. బేస్ పక్కనే వెండెల్ ఉన్నాడు.

ఆ రోజు కోడికాలు చుట్టిన కాగితం చుట్టినట్టే ఉండిపోయింది.

గురువారం ఆఖరి రోజు. పొద్దున్నుంచీ సన్నగా వాన. ఊరి అంచునున్న సరస్సు మీంచి వచ్చిన పొగమంచులో రైళ్ళు కూడా కలలో నడుస్తున్నట్టు మెల్లగా పోతున్నాయి.

"అమ్మా తల్లీ," అన్నారు కెస్లర్ గారు. "పైవాళ్ళు తేల్చి చెప్పేశారు. ఇవాళ కాకపోతే ఇవే పాటలు, ఇదే బాణీ, డిట్రాయిట్ అమ్మాయితో పాడిస్తారట."

"ఏ అమ్మాయి?"

"ఇరవయ్యేళ్ళ అమ్మాయి. చెక్కగదిలో హాయిగా పాడుతుందట."

అయిదు టేకులు చెడ్డాయి. కాఫీ విరామం ఇచ్చారు. ఆర్డెల్ గదిలోనే కూలబడింది. మూలన స్టూలు మీద పిన్ని అల్లుకుంటోంది. తలుపు తోసుకుని వెండెల్ వచ్చాడు, కాగితం గ్లాసులో కాఫీతో.

"మిస్ వైన్స్, తప్పు నాదేననుకుంటా. కెస్లర్ గారితో చెప్పేశాను. పన్నెండింటికి ఇంకొకాయన వస్తున్నాడు. మంచి చెయ్యి. మీకు ఇబ్బంది ఉండదు."

ఆర్డెల్ గుండె లిఫ్టు తాడు తెగినట్టు జారింది. "ఇంకొకాయనేంటి? మీరేం తప్పు చేశారు?"

"మూడు రోజులుగా నేను వాయిస్తున్నట్టే లేదు. సరే, అదలా ఉంచండి. మీకూ డాక్టరు గారికీ శుభం జరగాలి."

"ఏ డాక్టరు?"

"గులాబీల డాక్టరు."

"అవి పిన్నికయ్యా!"

వెండెల్ మూలకి చూశాడు. పిన్ని ముఖం ఆ గులాబీల రంగులోకి తిరిగింది. "కింది వరస పళ్ళు కట్టించుకున్నా. థాంక్స్ చెబుతూ పీచ్ పళ్ళు పెట్టి ఒక 'పై' కాల్చి ఇచ్చా. అంతే. మధ్యలో నా సంగతెందుకు, మీ గోల మీరు పడక?" అంది.

వెండెల్ ముఖంలో ఏదో వెలిగింది. చేతిలో కాఫీ ఒలికిందని కూడా చూసుకోలేదు.

ఇక దాచి లాభం లేదనిపించింది ఆర్డెల్‌కి. కాళ్ళ వంక చూసుకుంటూ గబగబా అనేసింది. "నాకు మీ భుజం కనపడట్లేదు."

"నా భుజమా?"

"ఎడమది. నేను పాడాల్సినచోట లేస్తుంది. అది చూసే నేను ఎత్తుకుంటాను. మొదటి రోజు నుంచీ అంతే. నవ్వండి, నవ్వితే నవ్వండి!"

వెండెల్ నవ్వలేదు.

"అది నేనెత్తేది కాదండీ. మీరు ఊపిరి తీసుకుంటారు చూడండి, పాడేముందు? అది వినపడగానే దానంతటదే లేస్తుంది. మూడు రోజులుగా ఆ స్పీకరులో మీ ఊపిరి వినపడక నేను చస్తున్నాను."

"అబద్ధం. మీరు ముందు లేపుతారు."

"మీరు ముందు పీల్చుకుంటారు."

"నేను మీకోసం కాచుకుని ఉంటాను!"

"కాచుకుని ఉండేది నేను!"

పిన్ని సూదులు ఆగాయి. "అయితే నాకు తెలియక అడుగుతాను. ఇన్నేళ్ళూ పాట ఎత్తుకున్నదెవర్రా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. బయట ఒక రైలు వానను చీల్చుకుంటూ వెళ్ళింది, మళ్ళీ వాన అతుక్కుంది.

ఆర్డెల్ లేచి గాజు కిటికీ మీద టకటకా కొట్టింది. "కెస్లర్ గారూ, బేస్‌ను ఈ గదిలోకి తెప్పించండి."

"గొంతు మైకులోకి బేస్ దూరుతుందమ్మా! స్టీరియో!"

"పదకొండు రికార్డుల్లో దూరింది. ఎవరైనా వాపసు తెచ్చారా?"

"అసలది పట్టదు. ఫిడేలో, మనిషో..."

"రెండూ పడతాయి. పిన్ని బయటికెళ్తే."

పిన్ని ఎప్పుడో బయట ఉంది, స్టూలుతో సహా.

బేస్ మెడ చెక్కకప్పుకు తగిలింది. మనుషులిద్దరి మధ్యా ఒక మూర జాగా మిగిలింది. ఆర్డెల్ చెప్పులు విప్పింది. గోధుమరంగు దారం ఇంకా వేలాడుతూనే ఉంది. కుట్టేయాలన్న ఆలోచన ఎనిమిదేళ్ళుగా ఎలా ఆపుకుందో ఆమెకే తెలియలేదు. ఎర్ర దీపం వెలిగింది.

అవతల పియానో, దూరంగా, వానలోంచి వస్తున్నట్టు. ఒక చుట్టు తిరిగింది. ఊపిరీ భుజమూ ఏది ముందో దేవుడికే తెలియాలి.

అది తడిసిన వీధి గురించీ, ఎవరి కోసమో వెలిగించి ఉంచిన దీపం గురించీ ఒక మామూలు పాట. కానీ ఆమె పాడుతుంటే గది గోడలు లేచిపోయాయి. బొంతలు మబ్బులయ్యాయి. వీధులన్నీ నీళ్ళ అడుగున ఉన్నట్టు మెత్తగా కదిలాయి. కెస్లర్ గారి బట్టతల కూడా చందమామలా ఉందనిపించింది. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

చివరి స్వరం అయిపోయింది. ఎర్ర దీపం ఆరేవరకూ ఎవరూ కదలకూడదు. తీగల మోత పూర్తిగా అణగాలి. ఆ నిశ్శబ్దంలో, పాట లేని చోట, ఆర్డెల్ గుండెలనిండా ఊపిరి తీసుకుంది.

వెండెల్ భుజం లేచింది.

దీపం ఆరింది.

"పాట అయిపోయిందిగా," అన్నాడు మెల్లగా. "ఇప్పుడెందుకు ఊపిరి పీల్చావు?" 'మీరు' ఎక్కడ జారిపోయిందో ఇద్దరూ వెతకలేదు.

"ఇంకో మాట ఉంది. అదెక్కడ ఎత్తుకోవాలో తెలియక ఎనిమిదేళ్ళుగా నీ భుజం చూస్తున్నాను."

"నేనూ ఎనిమిదేళ్ళుగా నువ్వు ఊపిరి పీలుస్తావేమోనని వింటున్నాను."

"పీల్చాగా."

"ఎత్తాగా."

ఇద్దరి మధ్యా ఉన్న ఆ మూర జాగా కూడా పోయింది. తలుపు తోసింది పెర్ల్ పిన్నే. "మిమ్మల్ని మీకే వదిలేస్తే నేను బతికుండగా ఈ పెళ్ళి చూడను. జూన్ రెండో శనివారం. చర్చి హాలు నేను మాట్లాడతా."

"మమ్మల్ని అడగవా పిన్నీ?"

"అడిగితే మళ్ళీ ఎనిమిదేళ్ళు."

పన్నెండింటికి వచ్చిన కొత్త బేస్ ఆయన పిన్ని కాల్చిన పీచ్ 'పై' ముక్క తిని, చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు. పైవాళ్ళు టేపు రెండుసార్లు విని డిట్రాయిట్ ఊసు ఎత్తలేదు. చివర్లో ఉన్న ఆ ఊపిరి కత్తిరించేద్దామన్నారు మాత్రం. కెస్లర్ గారు ససేమిరా అన్నారు. ఇప్పటికీ ఆ రికార్డు విన్నవాళ్ళు పాట అయిపోయాక సూది ఎత్తరట. ఇంకో చరణం ఉందేమోనని అలాగే కూర్చుంటారట.

ఆ మధ్యాహ్నం లిఫ్టు తలుపు తీసి హోరెస్ ఎప్పటిలాగే అన్నాడు. "ఫిడేలో, మనిషో."

వెండెల్ బేస్‌ను లోపల నిలబెట్టి, తాను బయటికి వచ్చేశాడు. "ఫిడేలే."

"ఒంటరిగా భయపడదూ?" అంది ఆర్డెల్, చెప్పులు చేత్తో పట్టుకుని.

"ఎనిమిదేళ్ళయింది. అదీ పెద్దదైపోయింది."

హోరెస్ తల ఊపి తలుపు మూశాడు. లిఫ్టు మూలుగుతూ దిగిపోయింది. కిటికీలోంచి వాన వెలుగు మెట్ల మీద పరుచుకుని ఉంది. నాలుగంతస్తుల మెట్లు. వాళ్ళిద్దరూ మొదటి మెట్టు దగ్గర చేతులు పట్టుకుని, ముందు అవతలివాళ్ళు అడుగు వేస్తారేమోనని చూస్తూ, చాలాసేపు అలాగే నిలబడ్డారు.