ఒక మెట్టు ఎక్కువ వెలుతురు

ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ తమ్ముడు పాత కెమెరా లెన్సొకటి తెచ్చి మా ఇంటి ముందుగదిలోని స్టూడియో బల్లమీద పెట్టాడు. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ పారేస్తే ఏరుకొచ్చాడట.

"బావా, దీన్ని డిజిటల్ కెమెరాకి తగిలిస్తే ఫొటోలు ఓసారి నల్లగా, ఓసారి తెల్లగా వస్తున్నాయి. నువ్వే చూడాలి."

"కెమెరా తప్పు కాదురా. అపర్చర్, అదే వెలుతురు దూరే కంత, ఎంత తెరిచామో ఈ లెన్సు దానికి చెప్పలేదు. అన్నీ మనమే చేత్తో తిప్పుకోవాలి."

"తిప్పుకో. ఎలాగూ నీకు పలకరించే దిక్కు లేదుగా," అని నవ్వబోయి, అక్క గుర్తొచ్చింది కాబోలు, తల వంచుకుని వెళ్ళిపోయాడు.

వాడన్నది నిజమే. ఆవిడ పోయి పదకొండు నెలలు. ఇంట్లో నా దగ్గు తప్ప ఇంకో చప్పుడు లేదు.

స్టూడియో వాకిలి షట్టరు దించి ఒక్క దీపం వేశాను. బయట మబ్బు పట్టినా లోపల వెలుతురు మారకూడదు, అప్పుడే కొలత నమ్మొచ్చు. ఎదురుగా ఖాళీ కుర్చీ, దాని వెనక బూడిదరంగు గుడ్డ. లెన్సు రింగు తిప్పి అపర్చర్ పెట్టి, వెలుతురు కొలిచే మీటరు ముల్లు సున్నాకి, అంటే సరైన వెలుతురుకి, వచ్చేదాకా కెమెరా స్పీడు మార్చాను. ఇప్పుడది తెరమీద చిన్న గీతే, నా నోటికి మాత్రం ముల్లే.

ఆవిడుంటే ఆ కుర్చీలో కూర్చుని అరచెయ్యి ఎత్తేది. గుడ్డకంటే అరచెయ్యి సరిగ్గా ఒక మెట్టు ఎక్కువ, అంటే రెట్టింపు వెలుతురు, చూపిస్తుంది. దాన్నిబట్టి కొలత సరిచూసుకునేవాణ్ణి. ఫొటోలు కత్తిరించే కట్టర్లో కుడిచేతి చిటికెనవేలు పోయాక కూడా ఆ చెయ్యే ఎత్తేది. "వేలు తగ్గిందని మీ మీటరు అలుగుతుందేమో చూడండి," అని ఏడిపించేది. నేను "చాలు" అనేదాకా దించేది కాదు.

ముల్లు కదిలింది.

ఒక మెట్టు పైకి.

దీపం చూశాను. మారలేదు. రింగు కదల్లేదు. కుర్చీ ఖాళీ… గదిలో మాత్రం తడి ఫొటో కాగితం వాసన, ఎప్పుడో మూసేసిన డార్క్‌రూం వాసన. కుర్చీ చిన్నగా కిర్రుమంది.

"నువ్వేనా?" గుసగుసగా అడిగాను.

ముల్లు సున్నాకి దిగి, మళ్ళీ ఎక్కింది…

ఏడుపొచ్చేసింది. భయంతో కాదు, సంతోషంతో. ఇన్నాళ్ళకి నా ఇంట్లో ఇంకో మనిషి. "చాలు" అనడానికి మనసొప్పలేదు.

"దించకు," అన్నాను. "వెళ్ళిపోకు. ఇక్కడే ఉండిపో… నాతోనే."

క్లిక్‌మనిపించాను.

తెరమీద ఫొటో వచ్చింది. కుర్చీ ముందు, గాల్లో, మణికట్టు దాకా ఒక చెయ్యి. కుడిచెయ్యే. ముద్దు పెట్టుకోబోయి ఆగాను. ఫొటో పెద్దది చేశాను. వెలుతురు ఎంత బాగా కుదిరిందంటే, అరచేతి గీతలు కూడా కనిపిస్తున్నాయి. వేళ్ళు లెక్కపెట్టాను.

ఐదు.

మళ్ళీ లెక్కపెట్టాను…

కుర్చీ వైపు చూడకుండా, "చాలు," అన్నాను.

ముల్లు దిగలేదు.

"చాలు… ఇంక చాలు…"

కుర్చీ కిర్రుమంది, ఎవరో లేచినట్టు. కెమెరాని తలుపు వైపు తిప్పాను. అక్కడా ఒక మెట్టు ఎక్కువే. ఉండిపొమ్మని బతిమాలింది నేనే.

లెన్సుకి మూత పెట్టేశాను. లోపలికి చుక్క వెలుతురు పోదు.

ముల్లు అక్కడే ఉంది… ఒక మెట్టు పైన.