వార్డు ఆఫీసులో అలికిడి

వన్ టౌన్‌లో ఆ సందు పేరెత్తితే కొందరు పెద్దవాళ్ళు ఇప్పటికీ మాట మార్చేస్తారు. సందు మధ్యలో ఓ పాత మేడ ఉండేది — వార్డు ఆఫీసు. కౌన్సిల్ రద్దయి స్పెషల్ ఆఫీసరు వచ్చాక ముందు తలుపుకి తాళం పడింది. ఎలక్షన్లు ఇదిగో అదిగో అంటూనే ఏళ్ళు గడిచిపోయాయి.

ఆ తర్వాతే మొదలైంది... రాత్రిళ్ళు లోపల ఎవరో బల్ల మీద కొడుతున్న చప్పుడు. గుసగుసలు. కిటికీ సందులోంచి సన్నటి వెలుగు. చచ్చిపోయిన కౌన్సిలరు సన్యాసిరాజు ఇంకా మీటింగులు పెడుతున్నాడని వాడంతా చెప్పుకునేది. సందులో వీధిదీపం కూడా లేదాయె. పొద్దుగూకాక అటు తొంగిచూసే మనిషి లేడు.

ఈ బాధ అందరికంటే జలీల్‌కే ఎక్కువ తగిలింది. రేకు పెట్టెలు చేసుకుని బతికే మనిషి. అతని ఇల్లు సందుకి ఈ చివర, మంత్రసాని దీవెనమ్మ ఇల్లు ఆ చివర. నిరుడు అతని భార్య ఫాతిమా మొదటి కాన్పుకి నొప్పులు పడుతుంటే, దీవెనమ్మ ఆ సందున ససేమిరా రానంది. బజారు చుట్టూ తిప్పి తీసుకొచ్చేసరికి బిడ్డ దక్కలేదు.

"ప్రభువు తోడున్నాడు బాబూ, కాదననుగానీ... ఈది దీపం లేదు కదా!" అంది తర్వాత, తల దించుకుని.

అప్పట్నుంచీ జలీల్ దీపం కోసం చెప్పులు అరిగేలా మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగాడు. "కొత్త కౌన్సిల్ వచ్చి తీర్మానం చెయ్యాలి" అన్నాడు గుమాస్తా. కౌన్సిల్ ఎప్పుడొస్తుంది? ఎలక్షన్లయ్యాక. ఎలక్షన్లెప్పుడు? గుమాస్తా ఫ్యాను వైపు చూశాడు. జలీల్‌కి ఒళ్ళు మండిపోయింది.

మళ్ళీ ఫాతిమాకి నెలలు నిండాయి. ఓ వానాకాలపు రాత్రి... నొప్పులు మొదలయ్యాయి.

"బేటా, సుట్టూ తిరిగితే ఆలస్యమైపోద్ది. సందులోంచే ఎల్లు," అంది తల్లి మదీనా బీ, కోడలి చెయ్యి వదలకుండా. ఇంట్లో ఉన్న ఒక్క లాంతరూ ఫాతిమా మంచం దగ్గర ఉంది. జలీల్ అల్లాని తలుచుకుని చీకట్లోకి దిగాడు.

గోడ తడుముకుంటూ నడిచాడు... మేడ దగ్గరకొచ్చాడు...

దబ్. దబ్.

కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. పై ప్రాణాలు పైనే పోయాయి. ముందు తలుపుకి తాళం వేసే ఉంది — లోపల మాత్రం వెలుగు!

"నిశ్శబ్దం..." అంది ఓ గొంతు.

పరిగెత్తేవాడే. ఇంట్లో ఫాతిమా మూలుగు గుర్తొచ్చింది. దాంతో భయం మీద కోపం వచ్చింది. బతికున్న ఆఫీసరు వినలేదు, ఇక చచ్చిన కౌన్సిలరుకే మొరపెట్టుకుంటాననుకుని కిటికీ రెక్క లాగాడు.

లోపల లాంతరు చుట్టూ ముగ్గురు. రిటైరైన త్రినాథరావు మాస్టారు, అత్తరు కొట్టు కరీం బాషా, కిరాణా కొట్టు నీలకంఠం. పాత వార్డు కమిటీ మెంబర్లు. పొద్దున్న బజార్లో కనబడ్డ మనుషులే!

"మీరా! ఈ రాత్రేళ ఏటి సేత్తన్నారిక్కడ?"

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. "నెమ్మది బాబూ," గొణిగాడు మాస్టారు. "పదవి పోతే బాధ్యత పోద్దా? పగలు కూర్చుంటే జనం నవ్వుతన్నారు. అందుకని పెరటి తలుపున వచ్చి..."

"దేని గురించి మీటింగు?"

"మన సందులో దీపం గురించే."

జలీల్‌కి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "నా పెళ్ళానికి నొప్పులొస్తన్నాయి. ఆ లాంతరిలా ఇవ్వండి!"

"ఇద్దాం, ఇద్దాం. లాంతరు వార్డుది గదా... నాను ప్రతిపాదిస్తన్నాను. బలపరిచేవాళ్ళు?" అన్నాడు మాస్టారు. కరీం బాషా చెయ్యెత్తాడు. నీలకంఠం గొంతు సవరించుకుని, "నాదో చిన్న సవరణ..." అన్నాడు.

జలీల్ పెరటి తలుపు తోసుకొచ్చి లాంతరు లాక్కున్నాడు. "సవరణా! మీ గుసగుసలకి దెయ్యమనుకునే నిరుడు మంత్రసాని రాలేదు. నా బిడ్డ పోయింది. తీర్మానాలు సేసి సేసి ఈ సందుని సీకటి సేసింది మీరే!"

దెయ్యం కబురు ఆ ముగ్గురి చెవినా ఎప్పుడో పడింది. తమ జోలికి ఎవరూ రారులే అని ఊరుకున్నారు. దాని వల్ల ఓ బిడ్డ పోయిందని మాత్రం ఎరగరు. కరీం బాషా కళ్ళు ఒత్తుకున్నాడు.

"నడవండి," అన్నాడు జలీల్. "మీరు బతికే ఉన్నారని దీవెనమ్మకి సూపించాలి."

దీవెనమ్మ లాంతరెత్తి ముగ్గురి మొహాలూ చూసింది. చాలక మాస్టారి చెయ్యి గిల్లింది. ఆయన "అబ్బా!" అన్నాకే సంచీ పట్టుకుని బయల్దేరింది.

తెల్లవారుజామున లోపల్నుంచి పసిబిడ్డ ఏడుపు వినబడింది. అరుగు మీద ముగ్గురు పెద్దల పక్కన కూలబడి జలీల్ కూడా ఏడ్చేశాడు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "మాస్టారూ, ఇకనించీ ముందు తలుపు తెరిచి కూకోండి. లాంతరు గుమ్మంలో ఎట్టండి. ఎవరూ బయపడరు," అన్నాడు.

మాస్టారు నీళ్ళు నమిలాడు. "నిజమే బాబూ... కానీ ఆ తాళం తియ్యాలంటే కొత్త కౌన్సిల్ తీర్మానం కావాలి."

జలీల్ లోపలికెళ్ళి సుత్తి పట్టుకొచ్చాడు.