మొదటి గడిలో పేరు

రెండో గుండు అవసరం లేకపోయింది.

మెహర్ పడవ అంచు మీదకి ఒరిగిపోయింది. ఖరీదైన నల్ల కళ్ళద్దాలు జారి కొల్లేటి నీళ్ళలో పడ్డాయి. ఒళ్ళోని తోలుబ్యాగుకి కన్నం పడింది. ఆ కన్నం వెనక, తెల్ల చుడీదార్ మీద, ఎరుపు నెమ్మదిగా పాకుతోంది. గుర్రపుడెక్క మీది కొంగలు ఒక్కసారి లేచి మళ్ళీ అక్కడే వాలాయి.

షేక్ అల్తాఫ్ పిస్టల్ దించలేదు. వాచీ చూసుకున్నాడు. పదీ ఇరవై రెండు.

పదకొండింటికి చినగరువు లంకలో అరవై నాలుగు మందికి ఇంజెక్షన్. జ్వరానికి టీకా రెండో డోసు అని వాళ్ళ నమ్మకం. మొదటి డోసు ఉత్త ఉప్పునీళ్ళు. రెండోది విషం. ఆ సంగతి ఢిల్లీలో నలుగురికి, ఇక్కడ అల్తాఫ్‌కి మాత్రమే తెలుసు.

"డబ్బా ఎక్కడ, యాన్?"

మెహర్ నవ్వింది. పెదాల చివర నెత్తురు బుడగ కట్టింది.

"నేను యాన్ కాదు." ఈ జిల్లాకి వచ్చాక రెండు నెలల్లో నేర్చుకున్న తెలుగు ఆమెది. "బ్యాగ్ చూడు. లోపలి జిప్."

జిప్ వెనక లిప్‌స్టిక్ ఉంది. అడుగు భాగం తిప్పాడు. వడ్లగింజంత ట్రాన్స్‌మిటర్ బయటపడింది. అచ్చం అలాంటిదే అల్తాఫ్ జేబులోని థర్మామీటర్లో ఉంది. ఒకే డిపార్ట్‌మెంట్, ఒకే వర్క్‌షాప్.

"మనవాళ్ళా?"

"రెండేళ్ళుగా. పగలు ఫౌండేషన్‌కి, రాత్రి ఢిల్లీకి." ఊపిరి కోసం ఆగింది. "డబల్ డ్యూటీ. ఇవాళ సెలవు ఇప్పించావ్."

"మరి యాన్ ఎవరు?"

"చూడలేదు. అన్నీ ఈమెయిల్సే. విషం డబ్బా యాన్ దగ్గరుంది. పొద్దున్నే లంకకి చేరిపోయింది. బ్యాగులో కాగితం ఉంది... ఇందాకే చేతికొచ్చింది, ఇంకా చదవలేదు. చూడు..."

తర్వాత మాట రాలేదు.

పదిహేను రోజుల క్రితం బ్రీఫింగ్ ఐదు నిమిషాల్లో అయిపోయింది. ఓరియన్ హార్బర్ ఫౌండేషన్. ఆఫీసు యూరప్‌లో, అసలు యజమానులు ఎక్కడున్నారో తెలియదు. 'ఆరోగ్య, విజ్ఞాన పరిశోధనలకు నిధులు, భాగస్వామ్యానికి ఆహ్వానం' అని 2007 జనవరిలో ఇంగ్లీషు పేపర్లలో సగం పేజీ ప్రకటన ఇచ్చింది. నలభై ఏడు సంస్థలు ఆశగా ప్రపోజల్స్ పంపాయి. వాళ్ళకి కావలసింది పరిశోధన కాదు, మనుషులు. విషం ఎంతమందిని ఎన్ని గంటల్లో చంపుతుందో లెక్క తేల్చి, ఆ రిపోర్టు ఆయుధాల వ్యాపారులకి అమ్ముకుంటారు. అందుకు ఒప్పుకున్న స్థానిక పార్ట్‌నర్ పేరు ఈమెయిల్స్‌లో ఒక్క ముక్కే: యాన్.

ఎవరో ఆడమనిషి అని ఢిల్లీ తేల్చింది. మెహర్ అనే అందగత్తె అనుమానంగా తిరుగుతోందని తాడేపల్లిగూడెం నుంచి ఒక పెద్దమనిషి ఉత్తరం రాశాడు. ఢిల్లీ రెంటినీ కలిపింది. అల్తాఫ్‌ని వ్యాక్సిన్ డబ్బాల మెకానిక్ వేషంలో దింపింది.

శాటిలైట్ ఫోన్ తీశాడు. చీఫ్ వెంటనే ఎత్తాడు.

"సార్, మెహర్ మన ఏజెంట్."

"వేరే వింగ్ పని అయ్యుంటుంది, మాకు చెప్పలేదు. ఎలా ఉంది?"

"పోయింది సార్."

"అయితే సారీ చెప్పే పని తప్పింది. యాన్‌ని పట్టుకో. లైన్ కట్ చెయ్యకు."

ఫోన్ అలాగే చొక్కా జేబులో వేసుకుని, మెహర్ మీద టార్పాలిన్ కప్పి, అల్తాఫ్ మోటారు లాగాడు. పడవ ముందుకి దూకింది. ఒక చేత్తో కాగితం విప్పాడు. ఫౌండేషన్‌కి పంపిన దరఖాస్తు నకలు. ఫస్ట్ నేమ్ గడిలో ఇంగ్లీషులో నాలుగు అక్షరాలు: ఏ, ఎన్, ఎన్, ఈ. లాస్ట్ నేమ్ గడి ఉండాల్సిన చోట అతని గుండు చేసిన కన్నం ఉంది.

కింద 'సైట్ అనుకూలతలు' అన్న శీర్షిక పక్కన ఒకే వాక్యం. 'ఇక్కడి జనం పెద్దల మాట కాదనరు, ప్రశ్నలు అడగరు.'

లంక చేరేసరికి పదీ యాభై మూడు. బడి వరండాలో జనం రేషన్ షాపు ముందు లాగా బారులు తీరి ఉన్నారు. ఆడవాళ్ళ చంకల్లో పిల్లలు. బల్ల మీద నీలం డబ్బా. కరెంటు స్తంభం దగ్గర ఒక తెల్లావిడ ఫొటోలు తీస్తోంది. అల్తాఫ్ కళ్ళు సూటిగా ఆమె మెళ్ళోని కార్డు మీదకి వెళ్ళాయి. ఇంగ్రిడ్. కాదు.

"రండి బాబూ, రండి! ఎండన పడి వచ్చారు. కాస్త మజ్జిగ తీసుకుంటారా?"

పిలిచింది బుచ్చిబాబు గారు. తాడేపల్లిగూడెంలో రిటైరైన డాక్టరు. తెల్ల లాల్చీ, నెమ్మది మాట. లంకల్లో ఏ క్యాంపు పెట్టినా జనాన్ని పోగుచేసేది ఆయనే. ఢిల్లీకి ఉత్తరం రాసిన పెద్దమనిషి కూడా ఆయనే. ఆ మాటకొస్తే, ఈ జిల్లాలో అల్తాఫ్ నమ్మిన ఒకే ఒక్క మనిషి.

"క్యాంపు ఆపించండి సార్. డబ్బా టెంపరేచర్ పెరిగింది. ఆ మందు వాడకూడదు."

"మీటరు నేనే చూశానండీ. నిక్షేపంలా ఉంది." చంకలోని సంచీ సర్దుకున్నారు. "మెహర్ గారు రాలేదా అండీ?"

"వెనకాల వస్తున్నారు."

"నెమ్మదిగా రానివ్వండి. ఆవిడ కోసం ఆగక్కర్లేదు లెండి." నర్సు వైపు తిరిగారు. "మొదలుపెట్టమ్మా, పదకొండు కావస్తోంది."

అల్తాఫ్ పిస్టల్ తియ్యగలడు. తీస్తే యాన్ జనంలో కలిసిపోతుంది, రేపు ఇంకో లంకలో ఇంకో క్యాంపు పెడుతుంది. అతను నర్సు పక్కకి నడిచాడు.

వరసలో ముందున్న ముసలావిడ నర్సుతో పేచీ పెట్టుకుంది.

"నన్ను జయమంగళా అని పిలుస్తావేంటే అమ్మాయ్? ఆ పిలుపుకి ఈ ఊళ్ళో కుక్క కూడా పలుకుద్ది. అందరం జయమంగళ వాళ్ళమే."

వరస వరసంతా గొల్లుమంది.

"బ్యాండ్ మీద అదే ఉందమ్మా. కంపెనీ వాళ్ళు ఫస్ట్ నేమే ప్రింట్ చేస్తారు."

"అది ఇంటిపేరే తల్లీ! ముందు ఇంటిపేరు, తర్వాత పేరు. నా పేరు వెంకటనరసమ్మ. ఏం చదువుకున్నావే?"

అల్తాఫ్ వరస పొడుగునా మణికట్లు చూశాడు. అరవై నాలుగు బ్యాండ్లు. అన్నిటి మీదా జయమంగళ. అతని పాస్‌పోర్టులోనూ అదే తంతు. దుబాయ్ ఎయిర్‌పోర్టులో మైకులో "మిస్టర్ షేక్" అంటే నలభై మంది లేచి నిలబడ్డారు.

ఈ జిల్లాలో ఫారం ఇస్తే మొదటి గడిలో ఎవరైనా ఇంటిపేరే రాస్తారు.

ఏ, ఎన్, ఎన్, ఈ. ఫౌండేషన్ వాళ్ళకి అది ఆడపేరు. ఢిల్లీ కూడా అలాగే చదివింది. ఏలూరులో తివాచీలు నేసేవాళ్ళ ఇంట్లో పుట్టి, బడి హాజరు పట్టీలో ఆ పేరు రోజూ విన్న తను కూడా ఢిల్లీ చదివినట్టే చదివాడు. అది యాన్ కాదు. అన్నే. ఇంటిపేరు.

సూది మొన వెంకటనరసమ్మ చర్మాన్ని తాకింది. నర్సు బొటనవేలు పిస్టన్ మీద బిగిసింది.

అల్తాఫ్ ఆ చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. సిరంజి అతని గుప్పిట్లోకి వచ్చింది.

"అన్నే వారెవరండీ ఇక్కడ?" గట్టిగా అరిచాడు.

ఎవరూ పలకలేదు. ఒక్క చెయ్యి మాత్రం కదిలింది. చంకలోని సంచీలోకి.

అది బయటికి వచ్చేలోపే అల్తాఫ్ దాన్ని బల్ల మీదకి విరిచి, నీలం డబ్బాతో మోదాడు. ఎముకలు విరిగిన చప్పుడు వరస చివరిదాకా వినిపించింది. చిన్న పిస్టల్ నేల మీద పడింది. సూది మొన బుచ్చిబాబు గారి మెడ మీద ఆగింది.

"వద్దు బాబూ! అది పొడవకండి, మీకు పుణ్యం ఉంటుంది!"

"జ్వరానికి మంచిది కదండీ?"

"వద్దండీ... చచ్చిపోతానండీ..."

"మెహర్‌ని నా చేత చంపించారు."

నొప్పిలోనూ ఆయన గొంతులో మర్యాద తగ్గలేదు. "ఉత్తరం రాశానండీ, అంతే. కాల్చింది తమరు."

అల్తాఫ్ సూదిని కొంచెం నొక్కాడు. చర్మం తెగి చిన్న ఎర్ర చుక్క వచ్చింది. ఇంకొంచెం నొక్కాలనిపించింది. చాలా అనిపించింది.

వెంకటనరసమ్మ పరుగున వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది. "వదలవయ్యా! నా మనవళ్ళిద్దరినీ బతికించిన చెయ్యి విరగ్గొట్టావు! ఆయనెవరనుకున్నావు?"

జేబులో ఫోన్ గరగరలాడింది. "యాన్ దొరికిందా?" చీఫ్ గొంతు.

అల్తాఫ్ ఎడమ చేత్తో ఫోన్ తీసి ముసలావిడ నోటి దగ్గర పెట్టాడు.

"మీరే చెప్పండమ్మా. ఇంటిపేరుతో సహా, గట్టిగా. పెద్ద ఆఫీసరు గారు రాసుకుంటారు."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆ ఆఫీసరెవరో ఆయన్ని కాపాడతాడన్న ఆశతో ఫోన్‌లోకి వంగి, ఊరంతా వినబడేలా చెప్పింది.

"అన్నే బుచ్చిబాబు గారండీ!"