కాలీ వెర్నన్ కడుపునొప్పి

"మళ్ళీ కడుపునొప్పా?"

ఎమెట్ గొంతులో వెటకారం దాగలేదు. పిజ్జా ఇంకా టేబుల్ మీదికి రాలేదు, లోరెల్ అప్పుడే కోటు తొడుక్కుంటోంది.

"సారీ ఎమెట్. నిజంగా బాలేదు."

"ఆ సింగర్ కాలీ వెర్నన్ కూడా ఇంతేగా! మన డులూత్‌లో షో పెట్టి, జనమంతా మంచులో గడ్డకట్టాక కడుపునొప్పని ఎగ్గొట్టింది. అంతా డ్రామా!"

లోరెల్ ముఖం పాలిపోయింది. కోటు గుండీలు పెట్టుకోలేక, అలాగే వెళ్ళిపోయింది.

ఇలా మధ్యలో లేచిపోవడం ఆమెకు కొత్త కాదు. హాకీ మ్యాచ్‌లోనూ అంతే, సినిమాలోనూ అంతే. ఆమెకు తనంటే ఇష్టం లేదు, ఆ మాట చెప్పే ధైర్యమూ లేదు అని ఎమెట్ తేల్చేసుకున్నాడు. మెసేజ్‌లు మానేశాడు.

ఆదివారం చెల్లెలు గ్రెటా ఇంటికి వెళితే, సోఫా మీద కాలీ వెర్నన్ ఆత్మకథ కనబడింది. తీసి తిరగేశాడు.

"నువ్వు పుస్తకం పట్టుకున్నావా? ఒంట్లో బాగానే ఉందా?" అంది గ్రెటా.

ఎమెట్ వినలేదు. డులూత్ పేరు దగ్గర అతని కళ్ళు ఆగిపోయాయి.

స్టేజీ ఎక్కబోతుండగా కాలీకి గుండె దడదడలాడిందట. చేతులు మొద్దుబారి, చచ్చిపోతున్నాననుకుని బాత్రూమ్ నేల మీద ముడుచుకుపోయిందట. ఏళ్ళ తరబడి అదే అవస్థ. భయమని చెబితే పిచ్చిదంటారని, కడుపునొప్పని చెప్పడం అలవాటు చేసుకుందట.

ఎమెట్ పుస్తకం మూసేశాడు. ఆ రోజు మంచులో నిలబడి ఆమెను నోటికొచ్చినట్టు తిట్టినవాళ్ళలో తనూ ఉన్నాడు.

అంతలోనే లోరెల్ గుర్తొచ్చింది. కోటు గుండీలు పెట్టుకోలేక వణికిన ఆ వేళ్ళను తను చూశాడు. చూసి కూడా వెక్కిరించాడు.

"గ్రెటా, నేనెంత వెధవనో తెలుసా?"

"చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇప్పుడేమైంది?"

అప్పటికే అతను వీధిలో ఉన్నాడు.

లోరెల్ తలుపు సగమే తీసింది. "ఏం కావాలి?"

"నీది కడుపునొప్పి కాదు కదా?"

ఆమె గుమ్మం పట్టుకుంది. "ఎవరు చెప్పారు?"

"కాలీ వెర్నన్."

"ఏంటీ?"

చదివిందంతా గబగబా చెప్పేశాడు. వింటూంటే లోరెల్ కళ్ళు నిండిపోయాయి.

"నీతో ఉన్నప్పుడే ఆ దడ ఎక్కువొస్తుంది," అంది మెల్లగా. "నీకు తెలిసిపోతుందేమోనని. తెలిస్తే పారిపోతావని."

"నేనా? ప్రతిసారీ పారిపోయేది నువ్వు తల్లీ! నేను పిజ్జా మొత్తం ఏడుస్తూ తిన్నాను."

ఏడుపు మధ్యలో ఆమెకు నవ్వొచ్చింది.

"డ్రామా అన్నాను చూడు, ఆ మాటకి సిగ్గుతో చచ్చిపోతున్నాను. నువ్వంటే నాకు చాలా ఇష్టం, లోరెల్."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను. తగ్గడానికి టైమ్ పడుతుందట. ఈలోగా మళ్ళీ మధ్యలో లేచి వెళ్ళిపోతే?"

"నీ వెనకే వస్తా. పొమ్మంటే తప్ప."

"పొమ్మనను. కానీ ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. ఊరికే పక్కన కూర్చోవాలి."

"మాట్లాడకుండానా? నేనా?"

"కష్టమా?"

"చాలా. అయినా నేర్చుకుంటాను."

లోరెల్ తలుపు పూర్తిగా తెరిచింది.